తాత కోసం వచ్చినవాళ్ళు

నా దగ్గరికొచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది తగాదాతోనే వస్తారు. గట్టు జరిపారని ఒకరు, బండిబాట మూశారని ఒకరు, పాలివాడు తమ అరెకరం తన పాసుబుక్కులో ఎక్కించుకున్నాడని ఇంకొకరు. నన్ను కచేరీ బీరువాలోంచి దించి బల్లమీద పరుస్తారు. తమ సర్వే నెంబరు కనబడగానే ఫోటో తీసుకుంటారు. పక్క పేజీ వైపు కూడా చూడకుండా వెళ్ళిపోతారు. నాకు అలవాటైపోయింది.

ఈ మధ్య ఇంకో రకం మనుషులు వస్తున్నారు. వీళ్ళకు భూమి అక్కర్లేదంట. తాత కావాలంట. తాత అంటే తాత కూడా కాదు, తాతకు తాత.

నన్ను డైగ్లాట్ అంటారు. కాగితాల మీద పేరు రీసెటిల్‌మెంటు రిజిస్టరు, పొట్టిగా ఆర్.ఎస్.ఆర్. ఇంగ్లీషూ తెలుగూ రెండూ కలిపి అచ్చేసిన పుస్తకాన్ని. కలువాయి చుట్టుపక్కల ఊళ్ళలో ఒకదానికి చెందినదాన్ని. ఏ ఊరో చెప్పను, చెబితే రేపటికి ఇంకో నలుగురు ఫోన్లు పట్టుకుని దిగుతారు. అరవై ఆరడుగుల గొలుసు ఈడ్చుకుంటూ సర్వేవాళ్ళు పొలాలన్నీ తిరిగితే, మట్టిని వేళ్ళ మధ్య నలిపి ఇది ఏ తరమో తేల్చేవాళ్ళు వాళ్ళ వెనకాలే వస్తే, ఆ లెక్కలన్నీ కూడి నేనయ్యాను. నాకు ముందు ఇంకొకటి ఉండేది. మొదటి సెటిల్‌మెంటు అయిన ముప్పై ఏళ్ళకు శిస్తు మళ్ళీ లెక్కగట్టాలన్నది ఆనాటి మద్రాసు ప్రభుత్వపు పద్ధతి. అందుకే నాలో పాత సర్వే నెంబరుకు కూడా ఒక గడి ఉంది.

వంశవృక్షం కోసం వచ్చేవాళ్ళకు ముందు ఒక మాట చెప్పాలనిపిస్తుంది. నాలో మనిషి చివరికొస్తాడు. మొదట సర్వే నెంబరు. తర్వాత సర్కారుదా ఇనామా, మెట్టా మాగాణా, నీళ్ళు ఏ చెరువువి, ఒక పంటా రెండు పంటలా, మట్టి తరం ఏది, ఎకరానికి రేటెంత, విస్తీర్ణం ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్లు, శిస్తు ఎన్ని రూపాయల ఎన్ని అణాలు. ఇవన్నీ అయ్యాక పట్టాదారు పేరు, అది కూడా ఇరుకు గడిలో. ఆ పక్కన రిమార్కులు. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలియడానికి పేరు రాశారు గానీ, మనవళ్ళు చూసి మురిసిపోవడానికి రాయలేదు.

నాకంటే ముందు తాతల సంగతి చూసే పని పిచ్చుకుంట్లవాళ్ళది. కాపుల, రెడ్ల ఇళ్ళ ముందు నిలబడి గోత్రం, ఇంటిపేరు, ఎక్కడినుంచి వలస వచ్చారో, ఎవరికి ఎవరు పుట్టారో వరసపెట్టి చెప్పి, ఇచ్చింది పుచ్చుకుని పోయేవాళ్ళు. వాళ్ళ లెక్కలో తాతలంతా వీరులే. నా దగ్గర బక్క తాతలూ ఉంటారు, పద్దెనిమిది సెంట్ల మెట్టకు అణాలు కట్టినవాళ్ళు. ఎవరి పద్ధతి వాళ్ళది.

మొన్న వచ్చినవాళ్ళు ముగ్గురు. రిటైరైన మాస్టారు ఒకరు, నా ఊరివాడే. ఆయన అన్నగారి మనవరాలు ఒకామె, అమెరికాలో ఉద్యోగం, సెలవుకొచ్చింది. మూడో ఆయన దక్షిణాఫ్రికా డర్బన్ నుంచి వచ్చిన పెద్దాయన. తెలుగు మాట్లాడలేడు గానీ "అన్నం, నీళ్ళు, అమ్మ" మాత్రం పొందిగ్గా అంటాడు. ముగ్గురికీ చుట్టరికం ఏమీ లేదు. తాతల పిచ్చి ఒక్కటే కలిపింది.

మొదటి దెబ్బ పేర్ల దగ్గరే తగిలింది. ఈ సీమలో పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకోని ఇల్లు లేదు. మొక్కుకుని కన్న బిడ్డకు వేరే పేరు పెడితే స్వామి ఊరుకోడని భయం. నా పేజీలు తిప్పితే పెంచలయ్య, పెంచలయ్య, చిన పెంచలయ్య, పెద పెంచలయ్య, పెంచల నరసింహులు. పైగా పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆచారం. ఒక తరం విడిచి ఒక తరం అదే పేరు తిరిగొస్తుంది.

"ఏంది చిన్నతాతా ఇది, ఊరంతా ఒకే మనిషున్నట్టుండాడే!" అంది ఆ పిల్ల.

"ఊరంతా ఒకే దేవుడు గదమ్మా," అన్నారు మాస్టారు.

పేరుతో వెతికితే నేను దారి చూపను. నెంబరుతో వెతికితే చూపిస్తాను. ఆ సంగతి మాస్టారుకు తెలుసు. ఇప్పటి హక్కుల రికార్డు 1-బిలో ఖాతా నెంబరు పట్టుకుని, అక్కడినుంచి సర్వే నెంబరుకు, దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. 112. నేను అచ్చయిన నాటికి అది ఒకే తుండు, ఒకే పట్టా, ఒక పెంచలయ్య. ఆ తర్వాత సబ్ డివిజన్ రికార్డులో 112/1, 112/2, 112/3. ఇంకొన్నేళ్ళకు 112/2 మళ్ళీ చీలి 2ఎ, 2బి. నా చెల్లెలు ఎఫ్.ఎం.బి. పక్కనే ఉంది, పొలాల పటాలన్నీ ఆమె దగ్గరే. తెరిచి చూస్తే మూడు ముక్కలూ సన్నగా, పొడుగ్గా, చెరువు కాలవ నుంచి మెట్ట దాకా సాగి ఉన్నాయి. నీళ్ళ పక్క మడి అన్నదమ్ములందరికీ కావాలి గనక పొలాన్ని అడ్డంగా కాకుండా నిలువునా కోశారు. ఎవరి భాగం ఎక్కడ ఆగిందో చూస్తే ఎంతమంది కొడుకులో తెలిసిపోతుంది.

పిల్ల ఫోనులో గీసుకుంటూ పోయింది. 112 అడుగున, దాని మీద మూడు కొమ్మలు, నడిమి కొమ్మకు రెండు రెమ్మలు. "ఇది ఫ్యామిలీ ట్రీనే గదా!" అని అరిచింది. అటెండరు ఉలిక్కిపడ్డాడు.

"ట్రీ కాదమ్మా, పంపకాల తగాదా," అన్నారు మాస్టారు. అంటూనే కళ్ళద్దాలు సర్దుకుని 112/3 విస్తీర్ణం దగ్గర వేలు పెట్టారు. కూడితే ఇరవై సెంట్లు తేడా వస్తోంది. "ఈ ఇరవై ఇప్పుడు ఎవరి కింద ఉండాయో..."

"చిన్నతాతా!" అంది పిల్ల.

వేలు తీసేశారు. కాసేపటికి ఇంకో కాగితం మీద ఆ నెంబరు రాసుకోవడం నేను చూశాను.

2బి దగ్గర పట్టాదారు ఆడమనిషి. పెంచలమ్మ. మాస్టారుకు తెలిసి ఆ ఇంట్లో ముగ్గురు మగపిల్లలే. ఆమె ఎవరో చెప్పడం నా చేతిలో లేదు, నాకు చుట్టరికాల గడి లేదు. రిజిస్ట్రారాఫీసు నుంచి ఆ పొలం రిజిస్ట్రేషన్ల జాబితా, అదే ఈ.సీ., తీయించి, అందులో ఉన్న దస్తావేజు నకలు తెప్పించుకున్నారు. పుట్టింటికి తిరిగొచ్చిన ఆడబిడ్డకు అన్నదమ్ములు మనోవర్తి కింద బతికినంత కాలం అనుభవించమని రాసిచ్చిన ముక్క అది. ఆమె తదనంతరం నడిమివాడి పిల్లలకు. హద్దులు రాసిన చోట తూర్పున ఎవరి పొలం, పడమర ఎవరిది, ఉత్తరాన ఏ వాగు అన్నీ ఉన్నాయి. తాతల్ని వెతికేవాళ్ళకు దస్తావేజులో అసలు సంగతులకంటే హద్దుల పేరానే విలువైనది, ఎందుకంటే పక్క పొలంవాడు సాధారణంగా పాలివాడే అయ్యుంటాడు. "మా నాయన అవ్వ అవ్వ అని చెప్పే ఆవిడ ఈవిడేనేమో," అన్నారు మాస్టారు. అవ్వకు పేరుంటుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు కాబోలు.

ఇక్కడ నా తోబుట్టువుల గురించి రెండు మాటలు. అడంగల్‌లో ఏ ఏడు ఏ పంట వేశారో, ఎవరు సాగు చేశారో ఉంటుంది. సజ్జ, వరిగ, జొన్న, మాగాణిలో మొలగొలుకులు, తర్వాత్తర్వాత వేరుశనగ, ఇప్పుడు నిమ్మతోటలు. సాగు చేసినవాడి గడి ఉంది కాబట్టి కౌలురైతు కూడా అక్కడే కనబడే వీలుంది. నా దగ్గర కనబడడు. 10(1) ఖాతాలో ఒక మనిషికున్న భూములన్నీ ఒకచోట ఉంటాయి. జనన మరణాల రిజిస్టరు మునసబు దగ్గరుండేది. 1899 చట్టం కింద ఊళ్ళో పుట్టినవాణ్ణీ పోయినవాణ్ణీ ఆయనే రాసేవాడు. అడంగల్, 10(1) లాంటి శిస్తు లెక్కల్లో ఏడాది ఫసలీలో వేస్తారు. జులై ఒకటిన మొదలయ్యే ఆ లెక్కకు 590 కలుపుకుంటే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కలపడం మర్చిపోయి తాత ఆరొందల ఏళ్ళ కిందటివాడని పొంగిపోయినవాళ్ళనూ చూశాను. 1984లో కరణాల, మునసబుల ఉద్యోగాలు రద్దయినప్పుడు ఊళ్ళలోని కట్టలు బస్తాల్లో కచేరీలకు వచ్చాయి. మరుసటేడు మండలాలొచ్చి మళ్ళీ చేతులు మారాయి. ఆ మోతల్లో ఎన్ని అడంగళ్ళు చెదలపాలయ్యాయో లెక్కలేదు. నేను అచ్చుపుస్తకాన్ని, నా నకళ్ళు వేరే చోట్ల కూడా ఉన్నాయి. ఎవరైనా నాలో ఒక పేజీ చింపినా, వేరే రంగు సిరాతో ఒక పేరు దిద్దినా, నకలు తెచ్చి పక్కన పెడితే బయటపడుతుంది. అందుకని నాకు కొంచెం గీర ఉంది, దాచుకోను.

డర్బన్ పెద్దాయన వంతు వచ్చింది.

ఆయన దగ్గర ఓడ జాబితా నకలు ఉంది. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ ఉండే నేటాలుకు మొదటి చెరకుతోట కూలీల్ని తీసుకెళ్ళింది. 1911లో ఆపేదాకా లక్షన్నర మందికి పైగా వెళ్ళారు, అందులో ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచే. ఎక్కినవాడికి ఒక నెంబరిచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చలు రాసుకున్నారు. కూలీకి ఇంత వివరంగా రాసిన కాగితం నేను చూడలేదు. నాలో ఏ పట్టాదారుకూ పుట్టుమచ్చ లేదు. పెద్దాయన ముత్తాత తండ్రి నెల్లూరు జిల్లా, ఆత్మకూరు తాలూకా. ఊరి పేరు ఆ గుమాస్తాకు వినబడినట్టు రాశాడు. చదివితే నా ఊరే కావచ్చు, పెన్న ఒడ్డున ఇంకో ఊరూ కావచ్చు. వెళ్ళింది ధాత కరువులో. 1876, 77 సంవత్సరాల్లో ఈ జిల్లా కూడా ఆ కరువులో మాడింది.

పెద్దాయన నన్ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పించారు. పిల్ల చదివి చెబుతోంది. ఆ ఇంటిపేరు లేదు. ఉండదు కూడా. నేను పుట్టేనాటికి ఆయన ముత్తాత తండ్రి చెరకుతోటలో ఉన్నాడు, ఇక్కడ మిగిలినవాళ్ళు ఎవరి మడిలోనో పాలేళ్ళయి ఉంటారు. నేను శిస్తు కట్టినవాణ్ణి రాశాను, నాగలి పట్టినవాణ్ణి కాదు. అలాంటి ఇళ్ళవాళ్ళు సర్కారు కాగితంలో పట్టాదారులుగా కనబడాలంటే చాలా చోట్ల భూమి లేనివాళ్ళకు సర్కారిచ్చిన డి.కె.టి. పట్టాల దాకా ఆగాల్సిందే.

పెద్దాయన వేలు చుక్కల దగ్గర ఆగింది. "ఇదేమిటి?" అని పిల్లనడిగారు. నాలో కొన్ని నెంబర్లకు పట్టాదారు గడిలో పేరు బదులు వరసగా చుక్కలున్నాయి. ఎవరిదో తేలనప్పుడు రాసేవాడు చుక్కలు పెట్టి ముందుకెళ్ళాడు. ఆ చుక్కల వల్ల ఎంతమంది నలిగారో ఈ జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. తరాల తరబడి దున్నుకుంటున్న భూములు నిషేధిత జాబితాలో పడి, అమ్మలేక కొనలేక తిరిగారు. 2017లో చుక్కల భూముల కోసం ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. 2023 మేలో కావలి సభలో వాటిని జాబితా నుంచి తీసేస్తున్నామని ప్రకటించారు. గుమాస్తా చేతి వాటం మీద అంత రాజ్యం నడిచింది. పెద్దాయన మాత్రం ఆ చుక్కల్ని ఫోటో తీసుకున్నారు. అక్కడెవరున్నారో నాకూ తెలియదు.

"ఆ కాలంలో మీ ఊరు ఎవరి కింద ఉండేదో ముందు తేలాలి," అన్నారు మాస్టారు, పాఠం చెప్పే గొంతుతో. ఆయనన్నది నిజం. ఉదయగిరి వైపు 1840 దాకా జాగీరు. జాగీరుదారును తప్పించాకే అది కుంఫిణీ చేతికొచ్చింది. జిల్లాలో చాలా ఊళ్ళు 1802 సన్నదుతో వెంకటగిరి రాజాలవి. అలాంటి ఊళ్ళలో నాలాంటి పుస్తకం కోసం వెతకడం దండగ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే చేసి పట్టాలిచ్చినప్పటి ఫెయిర్ అడంగలే అక్కడ మొదటిది. ఇక ఇనాం ఊరైతే అదృష్టం పండినట్టే. 1858లో వేసిన ఇనాం కమిషను ప్రతి ఇనాంనూ తవ్వి, మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు ఎవరు, అతని వయసెంత, ఏ హక్కుతో అని రాసింది. మూడు తరాలు ఒకే వరసలో దొరికే చోటు అదొక్కటే. చెరువు తవ్వినందుకో, మరమ్మతు చేస్తున్నందుకో ఇచ్చిన దశబంధం మాన్యాలు ఈ వైపు ఉన్నాయి. చెరువు తవ్వించినవాడి పేరు శిస్తు పుస్తకంలో కాక ఇనాం పుస్తకంలో దొరకడం నాకు కొంచెం చిన్నతనమే.

అమెరికా పిల్ల శాసనాలు చూద్దామంది. బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా తాలూకాల వారీగా వేశారు. మాస్టారు చప్పరించేశారు. శాసనంలో దానం చేసినవాడుంటాడు, పుచ్చుకున్న దేవుడుంటాడు, పొలం హద్దులుంటాయి, పొలం దున్నినవాడు ఉండడం అరుదు. ఆ మాటతో నాకు ఎక్కడో ఊరట కలిగింది, ఆ తప్పు నాతోనే మొదలవలేదన్నమాట.

సాయంత్రమవుతోంది. సోమశిల నుంచి కండలేరుకు పోయే కాలవ కింద పోయిన నెంబర్ల జాబితా అటెండరు తెచ్చి బల్లమీద పడేశాడు. భూసేకరణ అవార్డుల్లో పరిహారం కోసం వారసులందరి పేర్లూ రాయించుకుంటారు గనక అది కూడా చూడమన్నాడు. అతనికి ఆ ఉపాయం ఎవరు చెప్పారో. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొత్తవాడొకడు జట్టులో చేరినట్టే.

పెద్దాయన ఇంకా నాలుగు రోజులే ఉంటారు. కూలీల వలస గురించి మద్రాసు ప్రభుత్వపు ఫైళ్ళు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అక్కడికి ఎవరు తీసుకెళ్ళాలన్నది చర్చ. పిల్లకు తీరదు. మాస్టారుకు మోకాళ్ళ నొప్పి.

"నేను పోతా సార్," అన్నాడు అటెండరు. "మా నాయన తాత కూడా బర్మా రంగం పోయి తిరిగి రాలేదంట. ఆ కట్టల్లో రంగం పోయినోళ్ళు కూడా ఉంటారా?"

"చూడాల. ఆధార్ తీసుకపో. పెన్ను రానీరు లోపలికి, పెన్సిల్ పెట్టుకో."

"ఒకటి చాలునా మాస్టారూ?"

"రెండు పెట్టుకో. పొద్దున బండికి పోతే పన్నెండు లోపల దిగుతారు."