నక్షత్రం గుర్తు ఓడలు

ఓడల కంపెనీల వార్షిక నివేదికల్లో నాకు భలే నచ్చే మాట ఒకటుంది: ‘ఇది నగదు నష్టం కాదు.’ ఓడల విలువ పడిపోయి, ఆ తేడాను ఇంపెయిర్‌మెంట్ పేరుతో పద్దుల్లోంచి కొట్టేసిన ఏడాది ఈ మాట తప్పక కనిపిస్తుంది. నిజమే, ఆ ఏడాది జేబులోంచి పైసా పోలేదు. ఓడ కొన్న రోజే పోయింది. అప్పుడు దాన్ని పెట్టుబడి అన్నారు, స్వీట్లు పంచారు. ఇచ్చేటప్పుడు నోట్ల కట్టలు, మునిగేటప్పుడు ఉత్త కాగితం!

2008 ఏప్రిల్‌లో గ్రీసు వారి ఎక్సెల్ మారిటైమ్, పోటీదారైన క్వింటానాను సుమారు 245 కోట్ల డాలర్ల లెక్కన కొంది. మే నెలలో బొగ్గు, ఖనిజం, ధాన్యం మోసే ఓడల కిరాయిల సూచీ బాల్టిక్ డ్రై 11,793కి ఎగబాకింది. ఆహా, ఏమి ముందుచూపు! డిసెంబరు మొదటి వారానికి సూచీ 663. కొనుగోలులో ఆస్తుల విలువకు మించి ఇచ్చిన సొమ్ముకు గుడ్‌విల్ అని పేరు పెట్టి ఆస్తుల్లో రాసుకున్నారు కదా, ఆ ఏడాది పద్దుల్లోనే 30 కోట్ల డాలర్ల పైచిలుకు కొట్టేయాల్సి వచ్చింది. అసలు ముడి ఖనిజం మోసే ఓడకు గుడ్‌విల్ ఏమిటో! సరుకు పంపేవాడు కిరాయి ఎంతని అడుగుతాడు గానీ యజమాని ఇంటిపేరు అడుగుతాడా? 2013లో ఎక్సెల్ అమెరికా దివాలా కోర్టు గుమ్మం ఎక్కింది. అక్కడ అడిగింది మాత్రం నగదే.

గుడ్‌విల్ నయం, పోతే ఒక్కసారిగా పోతుంది. ఓడల విలువను కాపాడే విద్య ఇంకా గొప్పది. న్యూయార్క్‌లో షేర్లు అమ్ముకునే గ్రీకు కంపెనీల నివేదికల్లో ఒక పట్టిక ఉంటుంది. ఓడ పేరు, ఎన్ని టన్నులు మోస్తుంది, పద్దుల్లో విలువ ఎంత. కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం. అంటే ఈ ఓడను ఇవాళ అమ్మితే పద్దుల్లో రాసినంత రాదని అర్థం. మరి తగ్గించి రాయరా? రాయక్కర్లేదు. ఓడ మిగిలిన జీవితకాలంలో సంపాదించబోయేదంతా కూడితే పద్దు విలువ దాటుతోందట. అమెరికా అకౌంటింగ్ ప్రమాణాల్లో ఇంపెయిర్‌మెంట్ పరీక్షకు ఇది మొదటి మెట్టు, ఇక్కడ వడ్డీ లెక్కే లేదు. పదిహేనేళ్ల తర్వాత వచ్చే డాలరూ, రేపు ఉదయం వచ్చే డాలరూ ఒకటే! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ సంపాదనకు కిరాయి ఏ రేటున కట్టారు? చాలామంది వాడింది గడిచిన పదేళ్ల సగటు. 2012లో కూర్చుని పదేళ్లు వెనక్కి లెక్కేస్తే 2008 నాటి బంగారు రోజులన్నీ సగటులోకి వచ్చి పడతాయి. రేవులో ఓడ ఖాళీగా లంగరు వేసుకుని ఉంటుంది, పద్దుల్లో మాత్రం నిండు బరువుతో చైనా వెళ్తుంటుంది. ఏటా ఒక మంచి ఏడాది సగటులోంచి జారిపోతుంటే అప్పుడు తెలిసొచ్చేది. 2016 ఫిబ్రవరిలో సూచీ 290కి పడిపోయేసరికి వెనక్కి చూస్తే ఆదుకునే ఏళ్లు 2008 దాకా కొన్నే మిగిలాయి.

అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 36 కాస్త గట్టిది. భవిష్యత్తు సంపాదనను నేటి విలువకు తగ్గించి లెక్కకట్టమంటుంది. ఎంత శాతంతో తగ్గించాలో అంచనా వేసేది మళ్లీ యాజమాన్యమే. ఆడిటర్‌గారు ఆ అంచనా ‘సమంజసమే’నా అని చూస్తారు, ఆయన ఫీజు మాత్రం అంచనా కాదు.

ఈ సగటుల పురాణం వినని శ్రోత బ్యాంకు ఒక్కటే. అప్పు ఒప్పందంలో రాసుకునేది ఓడకు ఇవాళ పలికే ధర. అది గీత కిందికి దిగితే అదనపు హామీ తెమ్మంటుంది, లేదా కొంత బాకీ ముందే కట్టమంటుంది. వాటాదారుడికి చెప్పే ధర ఒకటి, బ్యాంకుకు చెప్పే ధర ఇంకొకటి, ఓడ మాత్రం ఒక్కటే.

ఇంతా చేసి కొట్టేశాక లాభం లేకపోలేదండోయ్. పద్దు విలువ తగ్గింది కాబట్టి ఏటా వేసే తరుగుదలా తగ్గుతుంది. కిరాయి పైసా పెరగకపోయినా మరుసటి ఏడాది ఫలితాలు మెరుగ్గా కనిపిస్తాయి. ఛైర్మన్‌గారు వాటాదారులకు రాసే లేఖలో దాన్ని కోలుకోవడం అంటారు. అది నగదు లాభం కాదని మాత్రం ఎక్కడా రాయరు.