హీరోకి పాలసీ

బీమా కంపెనీల కన్ను ఇంకా పడని గొప్ప బేరం ఒకటుందని మా భీమడోలు బీమా ఏజెంటు గారి గట్టి నమ్మకం. జానపద కథల హీరోలు! వృత్తి చూస్తే పరమ ప్రమాదకరం. మొసళ్ళు, కొండచిలువలు, ఏడు సముద్రాలు, బలికి కత్తి నూరుకుంటున్న మాంత్రికుడు. ఆ భయం చూపించి ప్రీమియం ఎంతైనా రాబట్టొచ్చు. క్లెయిమంటారా, ఒక్కటీ రాదు. "హీరో స్నేహితుడికి మాత్రం ఫారం కూడా ఇవ్వనండి" అంటారాయన. తండ్రి మొదటి రీల్లో పోతాడు, గురువు విద్య చెప్పడం అవగానే పోతాడు, స్నేహితుడు క్లైమాక్సుకి కాస్త ముందు, హీరోకి కోపం రావడానికి పోతాడు.

హీరోని చంపడానికి రచయితలకి చేతులెందుకు రావు? పాత్రని కన్నబిడ్డలా పెంచుకుంటారు, అందుకని ప్రాణం ఒప్పదు అని కొందరంటారు. ఆ మాట నేను నమ్మను. కన్నబిడ్డని ఏ తండ్రయినా నెలకోసారి మొసలి నోట్లో పెడతాడా?

అసలు జవాబు మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో ఎప్పుడో చెప్పేశారు. మణిసిద్ధుడు కాశీకి బయల్దేరాడు. తోడు రమ్మంటే గొల్లపిల్లవాడు షరతు పెట్టాడు: మజిలీకో కథ చెప్పాలి. ఇప్పుడు మణిసిద్ధుడు తొందరపడి హీరోని చంపి కథ ముగించేస్తే ఏమవుతుంది? పిల్లవాడు మూట దించి ఇంటికి పోతాడు. అదీ అసలు భయం. హీరో ప్రాణం మీద తీపి రచయితది కాదు, రచయిత ప్రయాణానిది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, సీరియల్ రచయిత ప్రాణం హీరోలో ఉంటుంది. చిలక మెడ తానే ఎవడు నులుముకుంటాడు?

1947లో మొదలైన చందమామనే తీసుకోండి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్లో ఖడ్గవర్మా జీవదత్తుడూ ఈ నెల ఆఖరి పేరాలో చావు అంచున నిలబడతారు, వచ్చే నెల మొదటి పేరాలో దులుపుకుని లేస్తారు. బేతాళుడైతే మరీ ఘనుడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని విక్రమార్కుణ్ణి నెలనెలా బెదిరించాడు. పాత బేతాళ కథలు పాతికే. అవి అయిపోయాక కొత్తవి పుట్టించి మరీ బెదిరించాడు. దశాబ్దాలు గడిచినా రాజుగారి తలకి గీత పడలేదు. 2013 నాటికి పత్రికే ఆగిపోయింది. ఏజెంటు గారు ఇక్కడ నొచ్చుకున్నారు: "పాలసీ రాజు పేర కాదండి, పత్రిక పేర కట్టించాల్సింది."

మాట వరసకి హీరో అన్నాను గానీ, గిట్టుబాటైతే విలన్ కూడా చావడు. పాతాళభైరవి (1951)లో తోటరాముడు నేపాళ మాంత్రికుణ్ణి అమ్మవారికి బలిచ్చేశాడు. న్యాయంగా అక్కడితో ఫైలు మూసెయ్యాలి. సదాజపుడు సంజీవని తెచ్చి గురువుని లేపాడు! లేపక చస్తారా? సగం సినిమా మిగిలుంది, అందులో ఉన్నది మన నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావాయె. ఆయన్ని అక్కడే పడుకోబెట్టి మిగతా రీళ్ళు తాడేపల్లిగూడెం రేలంగి గారి ఒక్కరి మీద నడిపించమంటే, ఆయన మాత్రం ఎంతని లాగుతారు?

హీరోలు చస్తున్నారు కదా అని కుర్రాళ్ళు నాతో వాదిస్తారు. చస్తున్నారు, కాదనను. గోదావరి ఒడ్డున కొవ్వూరు వాళ్ళు, విజయేంద్రప్రసాద్, రాజమౌళి, చంపీ బతికించే కిటుకు కనిపెట్టారు. మగధీరలో (2009) హీరో పోయి నాలుగొందల ఏళ్ళకి పుట్టాడు. ఈగలో (2012) అంత ఆలస్యం కూడా లేదు, వెంటనే రెక్కలతో వచ్చాడు. బాహుబలి పోతే అదే మొహంతో కొడుకున్నాడు. పైగా కట్టప్ప ఎందుకు చంపాడో చెప్పకుండా 2015 నుంచి 2017 దాకా దేశాన్ని నిలబెట్టారు. దీన్ని మరణం అనరు, బ్రాంచి ట్రాన్స్‌ఫర్ అంటారు. కొల్లేట్లో 2006లో ప్రభుత్వం గండ్లు కొట్టిన చేపల చెరువులు సెకండాఫులో మళ్ళీ పుట్టలేదూ?

ధైర్యం చేసి నిజంగా చంపినవాళ్ళ గతి కూడా చూశాం. కార్తీకదీపం టీవీ సీరియల్లో 2022లో డాక్టర్ బాబునీ వంటలక్కనీ కారు ప్రమాదంలో చంపి కథని పిల్లల చేతుల్లో పెట్టారు. ఆ సాయంత్రాలు మా వీధిలో కుక్కర్ విజిల్ కూడా నీరసంగా వచ్చేది. కొన్ని నెలలకే ఇద్దరూ బతికొచ్చారు. ఇంగ్లండులో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ని 1893లో జలపాతంలోకి తోసి, 1903లో బతికించుకున్నాడు. వంటలక్క అంతకాలం ఆగనివ్వలేదు.

మరి హీరోకి మంగళం పాడి, ఆ మాట మీద నిలబడ్డ మగాడు మన తెలుగులో లేడా అంటే, ఉన్నాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు. రాజమహేంద్రవరం రాజకుమారుడు సారంగధరుడి కథ పట్టుకుని, సంస్కృత నాటక సంప్రదాయం వద్దన్నా వినకుండా విషాదాంతం చేసేశారు. తెలుగులో మొదటి విషాదాంత నాటకం అదేనంటారు. అంత తెగువ ఎక్కణ్ణించి వచ్చిందా అని ఆరా తీశాను. ఆయన బళ్ళారిలో ప్లీడరు. బియ్యం కోర్టు నుంచి వచ్చేవి, నాటకం నుంచి కాదు.

ఇది వినగానే ఏజెంటు గారి మొహం మారిపోయింది. ఈ కాలమ్‌లో తరచూ కనపడే పాత్ర ఆయనే మరి. "మీకు పొలం గానీ చెరువు గానీ ఉందాండి?" అనడిగారు.

"సెంటు లేదండి. ఈ కాలమే ఆధారం."

"హమ్మయ్య" అని ఇంకో టీ చెప్పారు, నా ఖాతాలో.