కట్టె తిప్పుడుకు టీకా తాత్పర్యం

మూలం: "కాలూను, కండ్లు బంతి మీద పెట్టు, నడుం తిప్పు, కట్టె ఇడువు!"

అవతారిక: స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో సాఫ్ట్‌బాల్ ఉంది గనుక, కర్నూలు, కడప జిల్లాల బడుల్లో ఆ ఆట నేర్పే పీటీ సారు ఎండ ముదరకముందే పెట్టే కేక ఇది. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి కావ్యాలకు టీకలు రాయించాడు గానీ, ఈ మూలం ఆయనకు దొరికే వీలే లేదు. ఆయన 1884లో పోతే, సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో పుట్టింది.

టీక: కాలూను = పాదాలు భుజాలకన్నా కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి, బరువు వెనక కాలిమీదికి తీసుకొని నిలబడు; బంతి వచ్చేటప్పుడు ముందు కాలు జానెడుకు మించి జరపకు. కండ్లు = తల కదలకుండా రెండు కండ్లూ. బంతి మీద = బంతి విసిరే పిచర్ చెయ్యి వదిలింది మొదలు బ్యాటుకు తగిలేదాకా. ఆడవాళ్ళ ఆటలో పిచర్ నిలబడేది 43 అడుగుల దూరంలో. బంతి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తే అర సెకను కూడా పట్టదు. అందుకే మొదట కొన్నాళ్ళు బంతిని స్టాండు మీద నడుమెత్తున కదలకుండా పెట్టి కొట్టిస్తారు.

నడుం తిప్పు = తుంటి ముందు, భుజాలు తర్వాత, చేతులు చివర. ఇక్కడ 'చెయ్యి తిప్పు' అని ఒక పాఠాంతరం వినిపిస్తుంది. అది ప్రహరీ గోడెక్కి చూసే పెద్దమనుషుల పాఠం, త్యాజ్యం. నడుం తిరిగిందో లేదో తెలియాలంటే ఎగిరిన బంతిని చూసి లాభం లేదు, నేలను చూడాలి. గరుసు నేలమీద వెనక కాలి మడమ లేచి, మునివేళ్ళు గుండ్రంగా ఒరుసుకున్న గుర్తు ఉంటే తిరిగినట్టు. పాదం అచ్చు పడింది పడినట్టే ఉంటే చేతులతో తోసినట్టు. వాన పడ్డ మర్నాడు నల్లరేగడిలో ఈ పరీక్ష చెల్లదు. బూటును మన్నే పట్టుకుంటుంది.

శంక: మోచెయ్యి ఎత్తి బ్యాటు నిలువుగా దించమని క్రికెట్ అన్నలు చెప్పారే?

సమాధానం: అక్కడ బంతి నేలకు తగిలి లేస్తుంది, వెనక వికెట్లుంటాయి. ఇక్కడ కాపాడుకోవడానికి ఏమీ లేదు. మోకాలికీ చంకకూ మధ్య, నేలమీది 17 అంగుళాల వెడల్పు ప్లేటు మీదుగా నేరుగా వచ్చే బంతిని వదిలేస్తే స్ట్రైకు, మూడైతే ఔటు. బ్యాటు మందం రెండుంబావు అంగుళాలు, బంతి చుట్టుకొలత 12, రెండూ గుండ్రనివే. గొడ్డలితో కట్టెలు కొట్టినట్టు పైనుంచి దించితే అవి కలిసేది క్షణమే. బంతి వచ్చే దారిలో బ్యాటును అడ్డంగా తెస్తే, కాస్త ముందైనా వెనకైనా తగులుతుంది.

కట్టె = బ్యాటు. కుడిచేతివాటం పిల్లకు ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన, రెండూ ఆనుకొని. వేళ్ళ నడిమి కణుపులు ఒకే వరసలో. పెద్దపిల్లల బ్యాటు చిన్నపిల్లకు ఇవ్వరాదు. బరువుకు కొన వాలిపోతే పై చెప్పినదంతా వృథా.

ఇడువు = బంతికి తగిలాక ఆపక, భుజం దాటేదాకా పోనివ్వు. చేతిలోంచి వదిలెయ్యమని పూర్వపక్షి అంటాడు. ఆరో తరగతి పిల్లలు మొదటివారం అలాగే అర్థం చేసుకుంటారు. ఆ అర్థమూ పూర్తిగా తప్పు కాదు, కాకపోతే కొట్టిన తర్వాతే చెల్లుతుంది. అప్పుడు బ్యాటును పక్కన నేలమీద జారవిడిచి, 60 అడుగుల అవతలున్న మొదటి బేసుకు పరుగెత్తాలి. విసిరితే వెనక కూర్చున్న క్యాచరుకు తగులుతుంది.