రూఢ్యర్థంలో సైకిల్ స్టాండ్

సంస్కృత శాస్త్రకారులు పదాలను ముక్కలుగా విడదీస్తే వచ్చే అర్థాన్ని యోగార్థమనీ, ఆ ముక్కలతో నిమిత్తం లేకుండా లోకం వాడుకలో స్థిరపడిన అర్థాన్ని రూఢ్యర్థమనీ అన్నారు. కుశలను, అంటే దర్భలను, కోసి తెచ్చేవాడన్న అర్థంలో పుట్టిన ‘కుశలుడు’ అన్న మాట వినగానే ఇప్పుడెవరికీ దర్భలు గుర్తురావు. ఆవు కన్నును కడుపులో దాచుకున్న ‘గవాక్షం’ తెరిచినవారికి అవతల ఆవు కనిపించాలన్న నియమమూ లేదు. తెలుగునాట రైల్వే స్టేషన్ల ముంగిట శతాబ్దానికి దగ్గరగా వినిపిస్తున్న ‘సైకిల్ స్టాండ్’ అన్న మాటకూ ఈ యోగమే పట్టింది. బండిని సైకిల్ స్టాండులో పెట్టి వచ్చానని చెప్పే ప్రయాణికుడి బండి మోటారు సైకిలై ఉంటుంది, స్కూటరై ఉంటుంది, ఈ మధ్య చప్పుడు చేయని బ్యాటరీ బండి కూడా అయి ఉంటుంది. ఆ మాటకు మొదట ప్రాణం పోసిన రెండు చక్రాల, రెండు పెడళ్ళ వస్తువు అయి ఉండటం మాత్రం అరుదు. భాషా శాస్త్రవేత్తకు ఇది అర్థ విపరిణామానికి చక్కని ఉదాహరణ. సైకిల్ మీద స్టేషనుకు వచ్చే పాలవాడికి, పాచిపనికి పోయే మనిషికి, నెలవారీ సీజన్ టికెట్ మీద పట్నం పోయివచ్చే చిరుద్యోగికి ఇది ఉదాహరణ కాదు, దినచర్య.

ఈ మాట పుట్టిన కాలంలో సైకిల్‌కు సంఘంలో ఒక హోదా ఉండేది, ఆ హోదాకు ఆధారం పన్ను. మున్సిపాలిటీకి ఏటేటా రుసుము కట్టి, రుజువుగా ఇచ్చిన లోహపు బిళ్ళను సైకిల్‌కు బిగించుకోవలసి వచ్చేది. చీకటి పడ్డాక దీపం లేకపోయినా, వెనక క్యారియర్ మీద మరొకరు ఎక్కినా పోలీసు ఆపి జరిమానా వేసేవాడు. రాజ్యం కన్నెర్ర చేసిందంటే ఆ వస్తువు రాజ్యం కంటికి ఆనిందన్నమాట. తరువాత బిళ్ళ పోయింది, దీపం మాట ఎవరూ ఎత్తడం లేదు, వెనక ఒకరు కాదు ఇద్దరు కూర్చున్నా అడిగే దిక్కు లేదు. ఈ స్వేచ్ఛ చూసి సంతోషించిన సైకిల్‌దారులు ఒక సూక్ష్మాన్ని గమనించలేదు: పన్ను వేయడం మానేసిన వస్తువుకు జాగా కేటాయించడం కూడా ప్రభుత్వాలు క్రమంగా మానేస్తాయి.

2011 జనగణన ప్రకారం దేశంలో సైకిల్ ఉన్న కుటుంబాలు 44.8 శాతం, మోటారు ద్విచక్ర వాహనం ఉన్నవి 21 శాతం, కారు గాని జీపు గాని ఉన్నవి 4.7 శాతం. పరాయి గ్రహం నుంచి వచ్చిన పరిశోధకుడెవరైనా ఒక పెద్ద స్టేషను ముందరి ఆవరణను కొలిచి, అక్కడి జాగా కేటాయింపును బట్టి ఈ అంకెలను ఊహించవలసి వస్తే, వాటిని సరిగ్గా తలకిందులుగా రాసి పెడతాడు. అతనిది తప్పు కాదు. స్టేషను పార్కింగ్ స్థలాన్ని రైల్వే శాఖ సాధారణంగా తానే నడపదు. టెండరు పిలిచి, ఎక్కువ లైసెన్సు రుసుము కడతానన్న గుత్తేదారుకు కొంత గడువుకు అప్పగిస్తుంది. లైసెన్సు రుసుమంటే ఆ జాగా మీద వసూలు చేసుకునే హక్కుకు చెల్లించే వెల. పాట పెరిగిన కొద్దీ ప్రతి అడుగు నేల నుంచీ పైసలు రాబట్టుకోవలసిన బాధ్యత గుత్తేదారు నెత్తిన పడుతుంది. రేట్ల పట్టికలో అన్నిటికంటే అడుగున ఉండేది సైకిల్. ఒక కారు పట్టే చోట పది సైకిళ్ళు పడతాయని నగర రవాణా నిపుణులు లెక్క చెబుతారు గాని, పది సైకిళ్ళకు పది చీటీలు చింపాలి, పది గొలుసులు తట్టుకోకుండా సర్దాలి, సాయంత్రం ప్యాసింజరు దిగిన పదిమందికీ ఒక్కసారే బయటికి తీసివ్వాలి. కారుకు ఒక చీటీ చాలు, దాని యజమాని చిల్లర కోసం నిలబడడు. ఈ పరిస్థితిలో గుత్తేదారు సైకిల్‌ను చూసి మొహం చిట్లిస్తే అది ఆయన దుర్గుణంగా ఎంచరాదు. ప్రజోపయోగాన్ని వేలంపాటకు పెట్టినవారు కొనుక్కున్నవాడి నుంచి దాతృత్వాన్ని ఆశించడం ఏ అర్థశాస్త్రంలోనూ లేదు.

ఆ విధంగా సైకిల్‌కు మిగిలేది స్టాండు చివర, రేకుల కప్పు ఆగిపోయిన తరువాతి భాగం. అక్కడ ఎండా వానా ధారాళం. అటుపక్క నుంచి వెనక్కి వచ్చే మోటారు సైకిల్ ఒకదానికి తగిలితే మిగిలినవన్నీ పేకముక్కల్లా వరసగా ఒరిగిపోతాయి. హ్యాండిల్ మరొక దాని చువ్వల్లో ఇరుక్కుంటే రెంటినీ విడదీయడానికి ఇద్దరు యజమానులు, ఒక మధ్యవర్తి కావాలి. ఇంత భాగ్యానికీ చీటీ ఎందుకని తలచినవారు ఆవరణ బయటికి చూపు సారించి, గోడనో చెట్టునో ఆశ్రయిస్తారు. ఇక్కడే భారతీయ మేధ కనిపెట్టిన ఒక అపూర్వ సాధనాన్ని ప్రస్తావించవలసి ఉంది. స్టేషను గేటు పక్కన ‘ఇచ్చట సైకిళ్ళు నిలుపరాదు’ అన్న ఫలకాన్ని మోస్తూ ఒక ఇనుప స్తంభం ఉంటుంది. అది భూమిలోకి గట్టిగా పాతుకుని ఉంటుంది, మనిషి నడుము ఎత్తున గొలుసు చుట్టడానికి అనువుగా ఉంటుంది, గేటు దీపం వెలుగులో రాత్రంతా కనిపిస్తుంది, పక్కనే పోలీసు నిలబడతాడు. సైకిల్ స్టాండుకు ఇంజనీరు రాయదగిన లక్షణాలన్నీ ఆ నిషేధ స్తంభానికి ఉన్నాయి కనుక, పట్టణంలోని తెలివైన సైకిళ్ళన్నీ దానికే కట్టివేసి ఉంటాయి.

నిలిపే చోటు సంగతి ఇలా ఉండగా, ఆ చోటుకు చేరుకోవడం మరొక అధ్యాయం. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చిన చోట పూర్వం రైల్వే గేటు ఉండేది. గేటు పడితే బస్సూ కారూ ఆగవలసిందే గాని సైకిల్‌దారు తన సైకిల్‌ను వంచి, తాను వంగి, అడ్డకర్ర కింద నుంచి దూరిపోయేవాడు. అది ప్రమాదకరమూ చట్టవిరుద్ధమూ కూడా. కాపలా లేని గేట్లను బ్రాడ్‌గేజ్ మార్గాలలో 2019 జనవరి నాటికి పూర్తిగా తొలగించారు, కాపలా ఉన్నవాటినీ క్రమంగా తీసివేసి వంతెనలు కడుతున్నారు. ప్రాణరక్షణ దృష్ట్యా ఇది మెచ్చదగిన పనే, ఇందులో వెక్కిరింతకు చోటు లేదు. అయితే పై వంతెన మోటారు బండి శక్తిని బట్టి గీసినది కనుక, నలభై అడుగులు దాటవలసిన సైకిల్‌దారు అరకిలోమీటరు ఎత్తు తొక్కి, అరకిలోమీటరు దిగి, మళ్ళీ వెనక్కి రావలసి ఉంటుంది. కింద వంతెన, అంటే పట్టాల అడుగున తవ్విన సొరంగ దారి, సైకిల్‌కు మరింత అనుకూలం, వానాకాలం తప్ప. తొలకరికే అందులో నడుములోతు నీరు నిలుస్తుంది, ఆ నీటిలో సైకిల్ నడపడం గురించి ఏ చట్టమూ ఏమీ చెప్పలేదు.

మూడో మార్గం పాదచారుల వంతెన. దాని మెట్లు పాదచారులకే గాని చక్రాలకు కావు. లిఫ్టు వృద్ధులకు, వికలాంగులకు ఉద్దేశించినది, ఎస్కలేటరు మీద సైకిల్ నిలబెట్టడం ఆత్మహత్యా సదృశం. మెట్ల పక్కనే జానెడు వెడల్పున ఒక వాలు గాడి పోస్తే, చక్రాన్ని అందులో పెట్టి సైకిల్‌ను నెట్టుకుంటూ ఎక్కవచ్చు; నెదర్లాండ్స్‌లో ఇది సర్వసాధారణం, ఖర్చు కొంత సిమెంటు, ఒక మేస్త్రీ పని. అది లేనిచోట సైకిల్‌ను భుజానికెత్తుకోవాలి, లేదా పట్టాల మీదుగా దాటించాలి. రెండోది 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశం. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానా పైకంతో గాడికి కావలసిన సిమెంటు వస్తుందన్న ఊహ చట్టాన్ని రాసినవారికి వచ్చినట్లు లేదు.

సైకిల్ రైలు కూడా ఎక్కాలనుకుంటే దాని ఆధ్యాత్మిక స్థితి మారిపోతుంది. అంతవరకు వాహనమైనది పార్సిల్ ఆఫీసు గడప దాటగానే సరుకవుతుంది. యజమాని టికెట్టు మీద అతనితో పాటు అదే బండిలో పోయేది లగేజీ అనీ, టికెట్టుతో సంబంధం లేకుండా చోటు దొరికిన బండిలో పోయేది పార్సిల్ అనీ రైల్వే పరిభాష. ఏ రూపంలో పోయినా దానికి చోటు బండి కొసన ఉండే లగేజీ పెట్టెలోనే, చేపల బుట్టల పక్కన. అందుకు ఒక ఫారం నింపాలి, హ్యాండిల్‌కు చిరునామా కట్టాలి, తూకం, రసీదు, మళ్ళీ అవతల స్టేషనులో రసీదు చూపి విడిపించుకోవడం ఉన్నాయి. ఇల్లు మారేవారికి ఇది సబబుగానే ఉంటుంది. తెనాలిలో తొక్కి, ముప్పై నలభై నిమిషాలు రైలెక్కి, విజయవాడలో మళ్ళీ తొక్కాలనుకునే మనిషికి మాత్రం, ఈ తతంగం పూర్తయ్యేలోగా తొక్కుకుంటూనే విజయవాడ చేరడం సాధ్యం. రైలు చివర నిలబడే గార్డుకు 2022లో ట్రైన్ మేనేజర్ అన్న కొత్త హోదా లభించింది. ఆయన పక్కనే ప్రయాణించే సైకిల్ హోదా మాత్రం యథాతథంగా ఉంది.

ఇతర దేశాలలో ఈ వస్తువుకు జరిగిన గారాబం చూస్తే అసూయ కలుగుతుంది. నెదర్లాండ్స్‌లో రైలెక్కేవారిలో 40 శాతానికి పైగా స్టేషనుకు సైకిల్ మీద వస్తారు. యూట్రెక్ట్ నగరంలో స్టేషను కింద మూడంతస్తుల సైకిల్ శాల 2019లో పూర్తయింది. అందులో 12,500 సైకిళ్ళు పడతాయి, దిగి నెట్టుకుంటూ పోనవసరం లేదు, లోపలికి తొక్కుకుంటూనే పోవచ్చు, ఏ వరసలో ఎన్ని ఖాళీలున్నాయో పలకల మీద అంకెలు వెలుగుతుంటాయి, మొదటి 24 గంటలకు రుసుము లేదు. ఆమ్‌స్టర్‌డామ్ వారు 2023 నాటికి ఇంకొక అడుగు వేసి, సెంట్రల్ స్టేషను ముందరి జలాశయంలోని నీటిని తోడించి, అడుగున 7,000 సైకిళ్ళకు గది కట్టి, మళ్ళీ నీరు నింపారు. అక్కడ నీటిని తప్పించి సైకిళ్ళను పెడితే ఇక్కడ కింద వంతెనలో సైకిళ్ళను తప్పించి నీటిని పెడుతున్నారు. ఇంజనీరింగ్ ఒకటే, క్రమమే వేరు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో నగర రైళ్ళలో సైకిల్‌ను వెంట తీసుకుపోవడానికి 2010 నుంచి టికెట్టే తీసివేశారు.

డచ్చివారు పుట్టుకతోనే సైకిల్ జాతి కనుక వారితో పోలిక కుదరదని వాదించేవారికి జపాన్ ఉంది. 1970లలో అక్కడి శివారు స్టేషన్ల ముందు సైకిళ్ళు గుట్టలుగా పడి నడవడానికి దారి లేకపోతే, ప్రజలు దానికి సైకిల్ కాలుష్యమని పేరు పెట్టారు. అటువంటి గుట్టను చూసినప్పుడు సైకిళ్ళను నిషేధించడం ఒక మార్గం. జపాన్ వారు 1980లో ప్రత్యేకంగా చట్టం చేసి, అడ్డదిడ్డంగా వదిలిన సైకిళ్ళను తొలగించడంతో పాటు నిలుపుకొనే చోట్లు కల్పించడాన్ని కూడా స్థానిక సంస్థల బాధ్యతగా చేశారు. టోక్యోలోని కసాయ్ స్టేషను వద్ద భూగర్భంలో సుమారు 9,400 సైకిళ్ళు పడతాయి, అందులో అధిక భాగాన్ని యంత్రమే మీట నొక్కగానే లోపలికి తీసుకుని, అడిగినప్పుడు అప్పగిస్తుంది. ఇక్కడ ఆ పని చేసే యంత్రానికి చెవిలో బీడీ, చేతిలో చీటీల కట్ట ఉంటాయి.

మన దేశంలో సైకిల్ పట్ల భక్తి తక్కువని ఇంతమాత్రాన అనుకోకూడదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాదు, మనుషులను తరలించడం ముఖ్యమని ప్రకటించింది, కాగితం మీద సైకిల్‌కు పెద్దపీట వేసింది. ఏటా జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు అధికారులు హెల్మెట్లు ధరించి కొంత దూరం తొక్కుతారు. అక్కడికి వారి సైకిళ్ళు వ్యానులో వస్తాయి, వారు కార్లలో వస్తారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం తెరిచారు. దాని నెత్తిన సౌర ఫలకాల కప్పు ఉంది, ఎండ తగలదు, కరెంటు పుడుతుంది. ఆ కప్పులో వంద గజాలను నగరంలోని ఏదైనా ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషను ముందుకు జరిపితే కరెంటు ఉత్పత్తి పెద్దగా తగ్గదని మందబుద్ధులకు తోచవచ్చు గాని, ఆరోగ్యం కోసం తొక్కే సైకిల్ వేరు, అన్నం కోసం తొక్కే సైకిల్ వేరు. మొదటిది జీవనశైలి, రెండోది ట్రాఫిక్‌కు అంతరాయం.

ఇక తెలుగువారి రాజకీయాలలో ఈ వస్తువుకు ఉన్న స్థానం మరే రాష్ట్రమైనా చూసి నేర్చుకోదగినది. 1982లో పుట్టిన ఒక పార్టీ సైకిల్ గుర్తుతో ఎన్నోసార్లు అధికారానికి వచ్చింది, గోడల మీద, జెండాల మీద, కండువాల మీద సైకిల్ దశాబ్దాలుగా తిరుగుతూనే ఉంది. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్లలోపు ఎన్నికల గుర్తులను ప్రదర్శించరాదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అంటుంది. దాన్ని అక్షరాలా పట్టుకుంటే ఓటు వేయడానికి సైకిల్ మీద వచ్చినవాడు వంద మీటర్ల అవతలే దిగాలి. పోలింగ్ కేంద్రం వద్ద ఇంత కఠినంగా ఎవరూ వ్యవహరించరు గాని, రైల్వే స్టేషన్ల వద్ద ఈ నియమం ఎన్నికలు లేని రోజుల్లో కూడా అమలవుతున్నది.

ప్రస్తుతం అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద దేశమంతటా స్టేషన్లను పునర్నిర్మిస్తున్నారు; 2023 ఆగస్టు 6న ఒకేరోజు 508 స్టేషన్లకు శంకుస్థాపన జరిగింది, సికింద్రాబాదు స్టేషనుకు అంతకు ముందే అదే ఏడాది ఏప్రిల్‌లో సుమారు 720 కోట్ల రూపాయల పనులు మొదలుపెట్టారు. పనులకు ముందు విడుదల చేసే ఊహాచిత్రాలు చూడముచ్చటగా ఉంటాయి. ఊహాచిత్రమంటే నిర్మాణం పూర్తయ్యాక ఎలా ఉంటుందో కంప్యూటరుతో ముందే గీసి చూపడం. అందులో నేల అద్దంలా మెరుస్తుంది, మనుషులు పలుచగా ఉంటారు, పాలక్యాన్లు తగిలించిన సైకిల్‌కు ప్రవేశం ఉండదు. కొత్త ఆవరణకు కొత్త నియమాలు కూడా వస్తాయి గాని సైకిళ్ళు నిలుపరాదన్న పాత ఫలకం కొనసాగుతుంది, కాకపోతే తుప్పు పట్టిన ఇనుప స్తంభం అందానికి భంగమని దాన్ని పెరికివేసి, తళతళలాడే స్టీలు అక్షరాలను సరాసరి గోడకే బిగిస్తారు. గొలుసు చుట్టడానికి గోడ పనికిరాదు.