జారని తలుపు, ఊడని స్క్రూ

విహార పడవలలో జారుడు తలుపు, అనగా బందుల మీద తిరగక గాడిలో పక్కకు నడిచే తలుపు, విలాసం కోసం పుట్టినది కాదు. డెక్కు పక్కదారి ఒక మనిషి ఒదిగి నడవడానికి మాత్రమే సరిపోయే చోట బయటికి తెరుచుకునే తలుపు పెడితే దారి మూసుకుపోతుంది, లోపలికి తెరుచుకునే తలుపు పెడితే చుక్కాని పట్టినవాని మోచేతికి తగులుతుంది, ఎటు తెరుచుకున్నా పడవ ఒరిగిన ప్రతిసారీ తనంత తాను ఊగి ఎవరి ముక్కునో వెతుక్కుంటుంది. ఈ కారణాలన్నీ ఆలోచించినవారే హాంగ్‌కాంగ్‌లో అమెరికన్ మెరైన్ సంస్థ 1960లలో కట్టి అమెరికా తీరాలకు పంపిన గ్రాండ్ బ్యాంక్స్ పడవలలోను, వాటి అడుగుజాడలలో తైవాన్‌లో తయారైన పడవలలోను చుక్కాని పక్కన టేకు జారుడు తలుపును అమర్చారు. వీటిని ట్రాలర్లు అంటారు. వల లాగే చేపల ట్రాలరు ఆకారాన్ని మాత్రమే తీసుకుని, చేపల జోలికి పోకుండా, విశ్రాంత దంపతులను నిదానంగా మోసుకుపోవడం వీటి వృత్తి. గ్రాండ్ బ్యాంక్స్ పడవల దేహం 1973లో కొయ్య నుంచి ఫైబర్‌గ్లాసుకు మారినా తలుపు మాత్రం టేకుగానే మిగిలింది. అటువంటి తలుపు దాదాపు అర్ధశతాబ్దం జారి, ఒకనాడు ఇక చాలుననుకుని ఆగిపోయినప్పుడు దాని యజమాని ఏమగునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తలుపు నిర్మాణం పైకి చాలా అమాయకంగా కనిపిస్తుంది. గడపలో ఒక గాడి, గాడిలో ఇత్తడితోనో ఉక్కుతోనో చేసిన సన్నని పట్టా, తలుపు అడుగు అంచులో తొలిచిన గుంటలలో దాగిన రెండు రోలర్లు, తలుపు పక్కకు పడిపోకుండా పైన మరొక గాడి, గోడ వెంట జారేటప్పుడు అడ్డుపడకుండా తలుపు మందంలోకి దిగవేసిన చేతిపిడి, కొక్కెం నాలుక గల ఒక తాళం ఉంటాయి. వీటికి తోడు గాడి చివర, చేరిన నీరు డెక్కు మీదికి కారిపోవడానికి వీలుగా చిన్న రంధ్రాలు ఉంటాయి. ఈ రంధ్రాలను పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే పడవ యజమానులెవరూ వాటిని గుర్తుంచుకోరు.

వ్యాధి మొదటి దశలో తలుపు మూలుగుతుంది, రెండవ దశలో సగంలో ఆగుతుంది, మూడవ దశలో దానిని తెరవడానికి ఒక కాలు ద్వారబంధానికి తన్నిపెట్టి రెండు చేతులా లాగవలసి వస్తుంది. ఈ మూడు దశలలోనూ యజమానికి తోచే వైద్యం ఒక్కటే: డబ్బా పట్టుకుని గాడిలోకి నూనె చల్లడం. నూనె పడిన సాయంత్రం తలుపు నిజంగానే జారుతుంది, యజమాని తన భార్యను పిలిచి చూపిస్తాడు, ఆమె వచ్చి చూసి మెచ్చుకుంటుంది. ఆ తరువాత గాలిలోని ఉప్పు, డెక్కు మీది ఇసుక, కుక్క వెంట్రుకలు నూనెలో కలిసి, లోహాన్ని అరగదీయడానికి పనిముట్ల దుకాణంలో అమ్మే ముద్దకు ఏ విధంగానూ తీసిపోని పదార్థంగా మారి, అంతవరకు బాగున్న పట్టాను కూడా అరగదీస్తాయి. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చేది చాలా సందర్భాలలో ఈ డబ్బాయే.

అసలు దోషం రోలరులో ఉంటుంది, కనీసం మొదట అలా కనిపిస్తుంది. పాత రోలర్లు చాలావరకు నైలానువి. నైలానుకు నీటిని పీల్చుకునే గుణం ఉంది, కొన్ని రకాలు పూర్తిగా నానినప్పుడు తమ బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టుకుని ఉబ్బుతాయి, ఉబ్బిన రోలరు తన గూటిలో బిగుసుకుని తిరగడం మానేస్తుంది. ఉక్కు గుండ్ల బేరింగు ఉన్న రోలరు అయితే తుప్పు పట్టి ఆగుతుంది. తిరగని రోలరును పట్టా మీద ఏళ్ళ తరబడి ఈడ్చగా దానికి ఒక వైపు చదునైన ముఖం ఏర్పడుతుంది, ఆ ముఖం మీద కూర్చున్న తలుపు అంతటితో చక్రాల బండి కాక స్థిరాస్తి అవుతుంది. రోలరు మార్చడం పావుగంట పని అని చెప్పే పుస్తకాలు ఉన్నాయి. తలుపు అప్పటికే ఊడి బల్ల మీద పడుకుని ఉంటే ఆ మాట నిజమే.

తలుపును ఊడదీయడానికి దానిని పై గాడిలోకి ఎత్తి, అడుగు భాగాన్ని బయటికి లాగాలి. ఎత్తడానికి పైన ఖాళీ ఉండాలి. పడవ కట్టిన వడ్రంగి ఆ ఖాళీ వదిలే ఉంటాడు గాని, తరువాత వచ్చిన యజమానులలో ఒకరు పైకప్పుకు లోపలి నుంచి కొత్త పలకలు కొట్టించి ఉంటారు, మరొకరు తలుపు ఎదుట చేతికమ్మీ బిగించి ఉంటారు. కాబట్టి తలుపు కంటే ముందు కమ్మీ, కమ్మీ కంటే ముందు పలక, పలక కంటే ముందు అంచుపట్టీ ఊడాలి. అంచుపట్టీ స్క్రూలు పైకి కనిపించవు, వాటి తలల మీద టేకు బిరడాలు, అనగా రంధ్రాన్ని పూడ్చే గుండ్రని కొయ్య ముక్కలు, చుట్టూ ఉన్న చారలతో కలిసిపోయేటట్లు దించి ఉంటాయి. ఆ బిరడాలను దించిన పనివాని నైపుణ్యాన్ని ఎంత మెచ్చుకున్నా చాలదు. అవి ఎక్కడున్నాయో వెతకవలసిన మనిషి మాత్రం ఆయనను మెచ్చుకునే స్థితిలో ఉండడు.

ఇక స్క్రూల దగ్గర కొంతసేపు ఆగక తప్పదు. అరిగిన ఇత్తడి పట్టా స్థానంలో ఎవరో ఒక యజమాని ఇళ్ళ తలుపులకు వాడే అల్యూమినియం పట్టాను తెచ్చి, తుప్పు పట్టవని పేరున్న స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలతో బిగించి ఉంటాడు. రెండూ విడివిడిగా మంచివే. అయితే రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉండి మధ్యలో ఉప్పునీరు చేరితే అక్కడ ఒక చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది, వాటిలో బలహీనమైన లోహం, ఇక్కడ అల్యూమినియం, మెల్లగా కరిగి తెల్లని పొడిగా మారుతుంది, ఆ పొడి తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తూ స్క్రూ మరలలో కూరుకుపోతుంది. అందువల్ల ఆ స్క్రూ తుప్పు పట్టదు, కేవలం ఊడదు. వాడినది ఇత్తడి స్క్రూ అయితే ఉప్పునీటికి అందులోని జింకు కరిగిపోయి రాగి మాత్రం గులాబి రంగు గుల్లగా మిగులుతుంది; అది స్క్రూడ్రైవరు తగలగానే తలను వదిలేసి మొండెంతో కొయ్యలోనే ఉండిపోతుంది.

ఊడని స్క్రూకు శాస్త్రసమ్మతమైన చికిత్స వేడి చేయడం, ఎందుకంటే వేడికి స్టీలు కంటే అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచించి పట్టు వదులుతుంది. ఆ వేడికి పక్కనే ఉన్న వార్నిషు కూడా బుడగలు పోసుకుని పట్టు వదులుతుంది గనుక ఈ చికిత్సతో తలుపు మరమ్మతు వార్నిషు పనిగా మారే ప్రమాదం ఉంది. అమెరికాలో 1930లలో వ్యాపించిన ఫిలిప్స్ స్క్రూ, అనగా తలలో కూడిక గుర్తు గల స్క్రూ, బలం మించగానే పనిముట్టును పైకి నెట్టేస్తుంది, నెట్టిన ప్రతిసారీ ఆ గుర్తు కొంత అరిగి చివరకు సున్నా అవుతుంది. కెనడాకు చెందిన రాబర్ట్‌సన్ 1908 నాటికే చతురస్రపు గుంట గల స్క్రూను కనిపెట్టాడు, అది అంత సులభంగా జారదు; ఈ కారణం చేతనే సరిహద్దుకు ఉత్తరాన ఒకసారి మరమ్మతు జరిగిన పడవను కొన్నవారిని అదృష్టవంతులుగా భావించాలి. మిగిలినవారు తలను తొలిచి తీసేసి, ఎడమ వైపు తిరిగే డ్రిల్లుతో మొండాన్ని బయటికి రప్పించడానికి ప్రయత్నిస్తారు. అది ఒక్కొక్కసారి వస్తుంది.

పట్టా లేచిన తరువాత గడప బయటపడుతుంది, గడపతో పాటు మునుపటి యజమానుల చరిత్ర కూడా బయటపడుతుంది. గాడి చివర రంధ్రాలలో నుంచి డెక్కు మీదికి నీరు కారడం చూసి, తలుపు కారుతున్నదని నిర్ధారించి, వాటిని పాలీయురెథేన్ జిగురుతో శాశ్వతంగా మూసిన మహానుభావుడు ఒకడు ప్రతి పాత పడవ చరిత్రలోనూ ఉంటాడు. ఈ జిగురును పడవలవారు 5200 అని అంకెతోనే పిలుస్తారు. దానితో అంటించినదానిని విడదీయడం కంటే దాని చుట్టూ కొత్త పడవ కట్టుకోవడం సులభమని అనుభవజ్ఞుల అభిప్రాయం. దారి మూసుకున్న నీరు స్క్రూ రంధ్రాల గుండా కిందికి దిగి గడప కింది కొయ్యను కుళ్ళబెడుతుంది. ఇక్కడ నింద సముద్రం మీద వేయడం అన్యాయం. కొయ్యను తినే శిలీంధ్రానికి ఉప్పు గిట్టదు, పూర్వం కొయ్య ఓడలు కట్టినవారు పక్కటెముకల మధ్య ఉప్పు పోసి మరీ కాపాడేవారు. కుళ్ళుకు కారణం ఆకాశం నుంచి పడే మంచినీరు. మనిషి సముద్రానికి భయపడి పడవకు అడుగున ఎన్ని పూతలు పూసినా దానిని తినేది పైనుంచి పడే వానే.

కుళ్ళు కొంచెమే అయితే పాత రంధ్రాన్ని పెద్దది చేసి, చిక్కబరచిన ఎపాక్సీ నింపి, అది ఆరిన తరువాత అందులో కొత్త రంధ్రం వేయడం నేటి పద్ధతి. స్క్రూ అప్పుడు కొయ్యను కాక ఎపాక్సీని పట్టుకుంటుంది, నీరు కొయ్యను చేరదు. ఇది నిజంగా మంచి పద్ధతి, ఇందులో హాస్యానికి తావు లేదు.

విడిభాగాల సేకరణ మరొక అధ్యాయం కావలసినంత విషయమే గాని క్లుప్తంగా చెప్పవచ్చు. అసలు రోలరు తయారుచేసినవారు ఇప్పుడు లేరు. ఆసియాలో కట్టి అమెరికాలో బాగుచేసిన పడవలో మిల్లీమీటర్లూ అంగుళాలూ ఇరుగుపొరుగుగా కాపురం ఉంటాయి. అమెరికా 8వ నంబరు స్క్రూ మందం సుమారు 4.2 మిల్లీమీటర్లు, మెట్రిక్ పద్ధతిలో దానికి దగ్గరి బంధువు 4 మిల్లీమీటర్లు, రెండవదానికి వేసిన రంధ్రంలో మొదటిది ఒక చుట్టు తిరిగి, మర్యాదగా నమ్మించి, రెండవ చుట్టులో మరలను చెడగొడుతుంది. రోలరుకు నైలాను బదులు ఎసిటాల్ అనే ప్లాస్టిక్కును ఎంచుకోవాలి, డెల్రిన్ పేరుతో అమ్మేది అదే. అది నానినా పీల్చే నీరు 1 శాతం ప్రాంతంలోనే ఉంటుంది. అదే ఎసిటాల్ రోలరు ఇళ్ళ తలుపుల దుకాణంలో ఒక ధరకు, పడవ సామాను దుకాణంలో లంగరు బొమ్మ వేసిన అట్ట మీద మరొక ధరకు దొరుకుతుంది. ఆ బొమ్మ ఖరీదు ఎంతో ఈ రెండు ధరల తేడా వల్ల కచ్చితంగా తెలుస్తుంది.

తలుపును తిరిగి ఎక్కించేటప్పుడు పడవ ఎక్కడ ఉన్నదో చూసుకోవాలి. గట్టు మీద దిమ్మెలపై నిలబెట్టిన పడవ బరువు కొన్ని చోట్ల మాత్రమే ఆనుతుంది, నీటిలో ఉన్న పడవను నీరు అంతటా మోస్తుంది. రెండు స్థితులలో దాని దేహం ఆకారం స్వల్పంగా మారుతుంది. ఇంజను ఇరుసును పడవ నీటిలో దిగిన తరువాతనే సరిచూడడం ఇందుకే. గట్టు మీద ద్వారబంధానికి తగినట్లు చక్కగా చిత్రిక పట్టిన తలుపు నీటిలో దిగాక బిగుసుకోవడమూ, చిత్రిక పట్టినవాడు తన చేతి పనిని తిట్టుకుని మరికొంత గీకడమూ, మరుసటి ఏడాది గట్టెక్కినప్పుడు అదే తలుపు వదులై గడగడలాడడమూ ఈ సూత్రం నుంచి పుట్టినవే.

ఇన్ని దాటిన పిమ్మట తలుపు ఒక్క వేలితో కదులుతుంది. అప్పటిదాకా ఎవరూ గమనించని ఒక సంగతి పడవ రేవు విడిచిన మొదటి రోజు బయటపడుతుంది. తలుపు ఇన్నేళ్ళూ ఎక్కడ వదిలితే అక్కడ నిలబడినది దానికి ఎవరో నిలుపుదల కొక్కెం పెట్టినందున కాదు, పాత పట్టా గరుకుతనమూ చదునైన రోలరూ కలిసి జీతం లేకుండా ఆ కొక్కెం పని చేస్తూ వచ్చినందున. ఇప్పుడు అల ఒక వైపు ఎత్తినప్పుడు టేకు, అద్దం కలిసిన ఆ బరువంతా హుందాగా బయలుదేరి ఒక చివర ఢీకొంటుంది, రెండవ వైపు ఎత్తినప్పుడు అంతే హుందాగా తిరిగి వస్తుంది, మధ్యలో చుక్కాని పట్టినవాని వేళ్ళు ద్వారబంధం మీద ఉన్నాయా లేదా అని విచారించదు. దీనికి ఉపాయం ద్వారబంధానికి ఒక నిలుపుదల కొక్కెం బిగించడం, లేదా గాడిలో ఒక ఫెల్టు పట్టీ అంటించి పోగొట్టుకున్న రాపిడిలో కొంత వెనక్కి తెచ్చుకోవడం. కొక్కేనికి నాలుగు స్క్రూలు కావాలి గనుక అనుభవం గల యజమానులు ఫెల్టునే ఎంచుకుంటారు.