కొలత తెలిసిన జీవిని: ట్రైకోడెస్మియం ఆత్మకథ

నా పేరు ట్రైకోడెస్మియం. ఎండతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవిని, వెచ్చని సముద్రాలే నా నివాసం. నా కణాలు ఒకదాని వెంట ఒకటి చేరి పోగులవుతాయి. ఆ పోగులు గుంపుకట్టి కంటికి కనిపించే నలుసులవుతాయి. వేసవిలో గాలి తగ్గి నీరు నిలకడగా ఉన్నప్పుడు అరేబియా సముద్రం మీద తెట్టులా పరుచుకుంటాను. 1770లో కెప్టెన్ కుక్ ఓడలోని నావికులు నన్ను సముద్రపు రంపపు పొట్టు అన్నారు. పొట్టులా కనిపించినా, ఆకలిగా ఉన్న నీటికి నత్రజని అందించే పని నాది.

గాలిలో 78 శాతం నత్రజనే. సముద్రపు నీటిలోనూ అది కరిగి ఉంటుంది. కానీ దాని రెండు పరమాణువులు మూడు బంధాలతో పెనవేసుకుని ఉండటం వల్ల చాలా జీవులకు అది అందని తిండి. ఆ బంధాలు తెంచడానికి ఎరువుల కర్మాగారాలకు సుమారు 400 డిగ్రీల వేడి, విపరీతమైన పీడనం కావాలి. నేను మామూలు సముద్రపు వెచ్చదనంలోనే, నైట్రోజినేజ్ అనే ఎంజైముతో దాన్ని అమ్మోనియాగా మారుస్తాను. ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైము చెడిపోతుంది. అయినా ఆక్సిజన్ వదిలే పగటిపూటే నేను ఈ పనీ చేస్తాను. నా బంధువు క్రోకోస్ఫేరా దీన్ని రాత్రికి వాయిదా వేసుకుంటుంది. నా నుంచి బయటికి వచ్చే నత్రజనితో చుట్టుపక్కల జీవులు బతుకుతాయి.

నదులు నత్రజనిని నైట్రేట్ రూపంలో తెస్తుండగా నీ అవసరమేమిటని అడగవచ్చు. నదులు తెచ్చిందాంట్లో చాలా భాగం తీరం దగ్గరే ఖర్చయిపోతుంది. దూరాన, వేడెక్కి తేలికైన పైనీరు కింది చల్లని నీటితో కలవని చోట పోషకాలు పైకి రావు. నా అవసరం అక్కడే. పైగా నైట్రేట్ దండిగా దొరికితే గాలి నత్రజనిని పట్టడం తగ్గించుకుంటాను. ఇనుము, భాస్వరం చాలకపోతే నా పెరుగుదలే ఆగిపోతుంది. నా తెట్టు కుళ్లినప్పుడూ ఆక్సిజన్ తగ్గి చేపలకు ముప్పు రావచ్చు, నిజమే. కానీ నా పెరుగుదలకు హద్దుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చే యూరియాకు అలాంటి హద్దు లేదు.

అరేబియా సముద్రంలో 150 మీటర్ల దిగువన, ఆక్సిజన్ కరువైన నీటిలో మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను తిరిగి నత్రజని వాయువుగా మారుస్తాయి. అలాగైతే నీ శ్రమ వృథా కాదా అంటారేమో. కాదు. అవి లేకపోతే నత్రజని చక్రం తిరగదు, గాలికి దాని నత్రజని తిరిగి దక్కదు. ప్రమాదమల్లా సమతూకం తప్పడమే. ఆ మార్పిడి మధ్యలో ఆగితే నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. బంగాళాఖాతం లోతుల్లో కాస్తంత ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉండటమే అక్కడి నైట్రేట్‌ను కాపాడుతోందని, అది కూడా పోతే పెద్ద నష్టం మొదలవుతుందని 2017లో శాస్త్రవేత్తలు హెచ్చరించారు. గోదావరి, కృష్ణా తీరాల రైతులారా, మట్టిని పరీక్ష చేయించి, పైరుకు కావలసినంత యూరియానే వేయండి. మిగిలినదాంట్లో కొంత నీటితో పాటు సముద్రం దారి పడుతుంది, అక్కడ పెరిగి కుళ్లే జీవుల వల్ల ఆ ఆక్సిజన్ తరగవచ్చు.