ఓనరుకు రిపేరు బిల్లు వేయడం ఎలా?

సూళ్లూరుపేటలో బాడుగకు ఇల్లు వెతికేవాళ్లు మొదట అడిగేది బోరు నీళ్లు మంచివా, ఉప్పువా అని. రెండోది అడ్వాన్సు ఎంతని. మూడో ప్రశ్న ఒకటి అడగాలి: మోటరు కాలిపోతే డబ్బులెవరివి? అది మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. పేచీకోరు అనుకుని ఇల్లు ఇవ్వరేమోనని భయం. అందుకే పులికాట్ సరస్సు గాలి తగిలే ఈ ఊళ్లలో చాలామంది ఓనరు ఇంటిని సొంత డబ్బుతో బాగుచేయించి, ఆ డబ్బు సంగతి ఓనరుకు తప్ప మిగతా అందరికీ చెప్పుకుంటారు.

ఇస్రో రాకెట్ కేంద్రం షార్‌లో పనికి వచ్చినవాళ్లదీ అదే తంతు, శ్రీసిటీ ఫ్యాక్టరీల షిఫ్టులకు పోయేవాళ్లదీ అదే తంతు. డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారయ్యే చోటికి రోజూ బస్సెక్కే కుర్రాళ్లు తడలోనో వరదయ్యపాళెంలోనో తమ గదిలో ఫ్యాను రెగ్యులేటరు చెడిపోతే నెలల తరబడి ఒకే స్పీడులో తిప్పుకుంటారు గానీ ఓనరుకు ఫోను చేయరు. అలాంటివారికి పనికొచ్చే సూచనలు కొన్ని.

రిపేరు గురించి ముందుగా ఎప్పుడూ చెప్పకూడదు. చేయించేసి, నాలుగు నెలలాగి, ఓనరు కూతురి పెళ్లి పనుల్లో మునిగి ఉన్నప్పుడు కదపాలి. బిల్లు ఏదంటే ‘ఎక్కడో పడిపోయింది సార్’ అనాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మాత్రం ఇంకోలా చెబుతుంది. ఓనరు చేయించాల్సిన రిపేరైతే ముందు ఆయనకు నోటీసు ఇవ్వాలి. తగినంత కాలం చూసి, అప్పటికీ చేయించకపోతే బాడుగదారు తానే చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా బాడుగలో మినహాయించుకోవచ్చని 108వ సెక్షన్‌లో ఉంది. వడ్డీతో సహా! అసలే అడగలేని జాతికి తెల్లవాడు వడ్డీ కూడా రాసిపెట్టి పోయాడు. మెలిక ఒకటుంది: ఆ రిపేరు ఓనరు బాధ్యతేనని తేలాలి. పదకొండు నెలల స్టాంపు కాగితంలో ఆ ముక్క సాధారణంగా ఉండదు. కరెంటు బిల్లు ఎవరిది, మేకులు కొట్టకూడదు, చుట్టాలు ఎక్కువ రోజులు ఉండకూడదు... ఇవన్నీ ఉంటాయి.

ఇక ఉప్పు సంగతి. ఇక్కడ గాలిలో ఉప్పు, బోరు నీళ్లలో ఉప్పు. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకుంటుంది, వాషరు అరుగుతుంది, గీజరు కాయిల్ పెంకు కట్టి పోతుంది. వీటిలో ఏది ఓనరు ఖాతా, ఏది బాడుగదారు ఖాతా? 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో దీనికో పట్టిక ఉంది. గోడల సున్నం, తలుపులు కిటికీలకు రంగు, నీటి పైపులు మార్చడం, వైరింగు ఓనరువి. కుళాయిలు, వాషర్లు, స్విచ్చులు, గీజరు, కిటికీ అద్దాలు బాడుగదారువి. (కాబట్టి రాకెట్ ఎగిరిన రోజున అద్దం పగిలినా నేరం ఇస్రో మీదకు నెట్టి లాభం లేదు.) నమూనా చట్టం గనక రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. అయినా బేరానికి కూర్చున్నప్పుడు మంచి ఆధారం.

పట్టిక రాసినవాళ్లు సరస్సు పక్కన కాపురం ఉన్నట్టు లేరు. ఊరి నీళ్లే తినేసిన కుళాయికి బాడుగదారు ఎందుకు కట్టాలన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే స్లాబు దగ్గర అనుమానమే అక్కర్లేదు. ఉప్పు కాంక్రీటులోకి ఇంకి లోపలి చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును బయటికి నెడుతుంది, పెచ్చు ఊడుతుంది. అది కట్టడానికి సంబంధించినది, ఓనరుదే. పుట్టీ కొని, స్టూలెక్కి, ఆదివారమంతా పూసి, సాయంత్రానికి ఫొటో స్టేటస్ పెట్టుకునే బాడుగదారు చేస్తున్నది రిపేరు కాదు. లోపల తుప్పు పని తుప్పు చేసుకుపోతుంటుంది. ఆ పుట్టీకి బిల్లు వేయకపోవడమే మర్యాద.

‘మీ ఇల్లే అనుకోండి’ అన్న ఓనరమ్మ మాటను నమ్మాలి. రిపేరుకు మీ ఇల్లు, బాడుగ పెంపుకు ఆమె ఇల్లు.

సొంత కూలి ఎంత వేసుకోవాలి? ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేసే మనిషి ఇంట్లో మోటరు స్టార్టరు విప్పి, కెపాసిటరు మార్చి, చేతులు కడుక్కుని, కెపాసిటరు ధర మాత్రమే చెబుతాడు. మెకానిక్కు వస్తే కూలి ఇచ్చేవాళ్లే కదా అంటే, ‘ఛ, మన చేతి పనికి డబ్బులేంటి’ అంటాడు. ప్లంబరు ఇప్పుడొస్తా అప్పుడొస్తా అంటుంటే పూటంతా గుమ్మం కాసిన ఇల్లాలి సమయానికైతే ఏ పట్టికలోనూ గడే లేదు. ఈ ధర్మగుణమంతా ఖాళీ చేసే రోజున వసూలుకు దిగుతుంది. ఆఖరి రెండు నెలల బాడుగ ఎగ్గొట్టి అడ్వాన్సులో సరిపెట్టుకోమంటారు. ఓనరు సున్నానికని ఒక నెల బాడుగ పట్టుకుంటాడు. ఎవరి లెక్క వారి నోట్లోనే ఉంటుంది, కాగితం మీద ఒక్క అంకె ఉండదు. నిజం చెప్పాలంటే ఓనర్లంతా రాక్షసులేమీ కాదు. ఆ ఇంటికి వచ్చే బాడుగతో మందులు కొనుక్కునే రిటైరైనవాళ్లూ ఉన్నారు. అడగని డబ్బు ఇవ్వలేదని వాళ్లను తిట్టడం మనకు సులువు, అంతే.

పీకేసిన పాత కుళాయిని పారేయకూడదు, అటక మీద దాచాలి. బిగించిన కొత్తదాన్ని ఇల్లు మన చేతిలో ఉండగానే విప్పుకుపోవచ్చు, ఇంటిని మాత్రం తీసుకున్నప్పటిలా అప్పగించాలని పాత చట్టమే అంటోంది. అంటే ఆ కారే కుళాయిని మళ్లీ బిగించి కారనివ్వాలి.

తుఫాను నష్టాన్ని నెత్తినేసుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ వానలకు నానిన గోడలను సొంత డబ్బుతో బాగుచేయించినవాళ్లు అదే చేశారు. మామూలు అరుగుదల, మనిషి ఆపలేని ఉపద్రవం వల్ల వచ్చిన మార్పులకు బాడుగదారు పూచీ లేదని 108లోనే ఉన్నా సరే.

ఇవేవీ పాటించే ఓపిక లేనివారికి సులువైన దారి ఒక మెసేజి. ‘అన్నా, మోటరు తిరగడం లేదు. మెకానిక్కు ఖర్చు ఇంతవుతుందంటున్నాడు. నేను చేయించి వచ్చే నెల బాడుగలో తగ్గించుకోనా?’ పాడైన సామాను ఫొటో ఒకటి, బిల్లు ఫొటో ఒకటి. ‘సరే’ అన్న జవాబును చెరపకుండా ఉంచుకోవాలి. ఖర్చు పెద్దదైతే ఒకే నెల కోసేయకూడదు. నమూనా చట్టం ఒక నెలలో సగం బాడుగకు మించి తగ్గించుకోవద్దంటుంది. ఎనిమిది వేల బాడుగకు నాలుగు వేలు, మిగతాది పై నెలల్లో.

ఈ మెసేజి సెప్టెంబరులోనే పంపండి. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక పులికాట్ ఒడ్డున స్లాబు పని చేసే మేస్త్రీ దొరకడు.